ఈఎస్‌ఐ సిక్‌నెస్ బెనిఫిట్ వాడుకున్నాక నా రివ్యూ: డబ్బులు వచ్చాయి, సెలవు మాత్రం వెంటపడింది

చాలామంది పే స్లిప్‌లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా) కటింగ్ చూసి "ఈ డబ్బులు దండగ, మనమెప్పుడైనా వాడామా" అంటుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. 2023లో వాడాల్సి వచ్చింది, అది కూడా ఏదో రెండు రోజుల జ్వరానికి కాదు, టీబీకి. 60 రోజులు సెలవులో ఉన్నా. అందుకే ఈ రివ్యూ రెండు భాగాలు అనుకోండి, ఒకటి జబ్బు సెలవు రోజులకి ఈఎస్‌ఐ వాళ్లు డబ్బుగా ఇచ్చే సిక్‌నెస్ బెనిఫిట్ ఎలా ఉంది అని, రెండోది ఆ సెలవు పెట్టినందుకు కంపెనీలు మనల్ని ఎలా చూస్తాయి అని. మొదటిదానికి అయిదుకు నాలుగు స్టార్లు. రెండోదానికి ఒకటి ఇవ్వడానికి కూడా మనసు ఒప్పట్లేదు.

నేను బాలానగర్ దగ్గర ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్‌ని, 2021 జూన్‌లో చేరా. కంపెనీ పేరు రాయను. జీతం గ్రాస్ 18,400. ఈఎస్‌ఐ లెక్క తెలియనివాళ్లకి చెప్తున్నా, నెల జీతం 21 వేల లోపు ఉంటే (వికలాంగులకైతే 25 వేలు) మన జీతంలో 0.75 శాతం మనది, 3.25 శాతం కంపెనీది కడతారు. అంటే నాకు నెలకు 138 రూపాయలు కట్ అయ్యేది, కంపెనీ 598 వేసేది. 138 రూపాయలంటే మా మూసాపేటలో నలుగురికి టిఫిన్ కూడా రాదు.

2022 డిసెంబర్‌లో దగ్గు మొదలైంది. చలికాలం కదా అని కషాయాలు తాగా, మెడికల్ షాపులో సిరప్ తెచ్చుకున్నా. సంక్రాంతికి నరసరావుపేట వెళ్తే మా అమ్మ నన్ను చూసి "ఏంటే, జాకెట్టు ఇంత వదులైంది" అంది, అప్పటికి 54 కేజీల దాన్ని 48కి వచ్చా. సాయంత్రమైతే సన్నగా జ్వరం, రాత్రి చెమటలకి దిండు తడిసిపోయేది. అమ్మ పోరు పడలేక తిరిగొచ్చాక ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లా, అక్కడ డాక్టర్ మేడమ్ స్టెతస్కోప్ పెట్టి రెండు నిమిషాలు విని, ఎన్నాళ్ల నుంచి దగ్గు అని అడిగి, వెంటనే సనత్‌నగర్ ఈఎస్‌ఐ హాస్పిటల్‌కి రాసిచ్చారు. అక్కడ ఎక్స్‌రే తీశారు, కఫం టెస్ట్ చేశారు, ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ఒక్క రూపాయి అడగలేదు. బయట ఇవే టెస్టులకి ఎంతవుతుందో మా ఆయన ఒక ల్యాబ్‌లో కనుక్కొచ్చాడు, విని నోరు మూసుకున్నాం.

ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలవి, నా బరువుకి రోజుకి మూడు మాత్రలు పరగడుపున. మొదటి రోజు యూరిన్ నారింజ రంగులో వస్తే రక్తమేమో అని ఏడ్చేశా, మాత్రల వల్ల అలాగే వస్తుందని ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నా. ప్రభుత్వం పోషకాహారానికని నెలకి 500 బ్యాంకులో వేసేది (2024 నవంబర్ నుంచి దాన్ని వెయ్యి చేశారు). డాక్టర్ గారు ముందు నెల రోజులు, తర్వాత ఇంకో నెల రెస్ట్ రాశారు.

ఇక డబ్బుల సంగతి. సిక్‌నెస్ బెనిఫిట్ అంటే డాక్టర్ పనికి వెళ్లొద్దని సర్టిఫికెట్ ఇచ్చిన రోజులకి మన సగటు రోజు జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ వాళ్లే మన అకౌంట్‌లో వేస్తారు, ఏడాదికి 91 రోజుల దాకా. కంపెనీ ఆ రోజులకి జీతం ఇవ్వక్కర్లేదు. ఇక్కడ చాలామందికి డౌట్ ఉంటుంది, రెండూ తీసుకోవచ్చా అని, కుదరదు, ఒకే రోజుకి జీతమూ బెనిఫిట్టూ రెండూ రావు. అర్హత ఏంటంటే, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక ఆర్నెల్లు, అక్టోబర్ నుంచి మార్చి ఇంకో ఆర్నెల్లు లెక్క, ఆ ఆర్నెల్లలో కనీసం 78 రోజులకి కాంట్రిబ్యూషన్ పడి ఉండాలి. నేను సెలవు పెట్టింది ఫిబ్రవరిలో కాబట్టి వాళ్లు చూసింది 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. నాకు అన్ని నెలలూ పడ్డాయి. మొదటి రెండు రోజులకి డబ్బులు ఇవ్వరు, అది రూల్. మిగతా 58 రోజులకి రోజుకి 420 పైచిలుకు చొప్పున మొత్తం 24,500 దాకా వచ్చింది. టీబీ లాంటి పెద్ద జబ్బుల లిస్ట్ ఒకటి ఉంది, 91 రోజులు దాటినా తగ్గకపోతే, రెండేళ్ల సర్వీస్ ఉంటే, 80 శాతం లెక్కన ఇంకా చాలాకాలం ఇస్తారు. నాకంత అవసరం రాలేదు.

కష్టం ఎక్కడంటే తిరగడం. మొదట్లో వారం వారం డిస్పెన్సరీకి వెళ్లి సర్టిఫికెట్ రాయించుకోవాల్సి వచ్చేది, ఒంట్లో ఓపిక లేనప్పుడు మాస్క్ కట్టుకుని క్యూలో నిలబడడం నరకం. తర్వాత డాక్టర్ మేడమే నా అవస్థ చూసి ఎక్కువ రోజులకి ఒకేసారి రాసిచ్చారు. ఒక స్టార్ తగ్గించింది ఇందుకే. ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో క్లెయిమ్ ఫారం, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చా, మొదటి విడత 11 వేలకి కాస్త తక్కువ మార్చి ఆఖర్లో పడింది. ఆ మెసేజ్ వచ్చిన రోజు మా ఆయన పాలవాడికి, ఇంటి ఓనర్‌కి పాత బాకీ తీర్చేశాడు. అప్పు చేయకుండా గట్టెక్కామంటే దాని వల్లే, ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నా.

ఇప్పుడు రెండో భాగం. రిపోర్ట్ వచ్చిన రోజే మేనేజర్ గారికి ఫోన్ చేశా. రోగం పేరు చెప్పాలా వద్దా అని ఆలోచించలేదు, మనవాళ్లే కదా అని చెప్పేశా. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "సరేనమ్మా, హెల్త్ ముందు" అన్నారు. సాయంత్రం హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసి "రెండు నెలలంటే కష్టం, నువ్వు రిజైన్ లెటర్ పెట్టేయ్, తగ్గాక మళ్లీ కొత్తగా జాయిన్ చేసుకుంటాం" అన్నారు. చాలా ప్రేమగా అన్నారు, నేను దాదాపు ఒప్పేసుకున్నా కూడా. మా పక్కింటి అంకుల్ జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో యూనియన్‌లో ఉండేవారు, ఆయన విని "పొరపాటున కూడా సంతకం పెట్టకమ్మా, సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్నన్ని రోజులు నిన్ను తీసెయ్యడానికి వాళ్లకి లేదు, ఈఎస్‌ఐ చట్టంలో 73వ సెక్షన్ చూసుకో" అన్నారు. 1948 నాటి చట్టం అది, ఉద్యోగం తీసెయ్యడమే కాదు, ఆ టైమ్‌లో హోదా తగ్గించడం, ఇంకోలా శిక్షించడం కూడా కుదరదని అందులో ఉంది. నా సంగతి 2023ది కాబట్టి నాకు వర్తించింది ఆ పాత చట్టమే, 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ అమల్లోకి వచ్చింది, ఇప్పటివాళ్లు అది చూసుకోండి. నేను హెచ్‌ఆర్‌కి "రిజైన్ చెయ్యను మేడమ్, మెడికల్ లీవ్ పెడుతున్నా, ఈఎస్‌ఐ సర్టిఫికెట్ పంపిస్తున్నా" అని వాట్సాప్‌లోనూ, మెయిల్‌లోనూ రెండింట్లో పెట్టా. మెయిల్ పెట్టడం నేను చేసిన మంచి పని, ఎందుకో తర్వాత చెప్తా.

ఏప్రిల్ 7న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని ఆఫీసుకి వెళ్తే నా కుర్చీ నా చోట లేదు. మెట్ల పక్కన స్టేషనరీ బీరువా ఉంటుంది, దాని ముందు ఒక టేబుల్ వేసి నా సిస్టమ్ పెట్టారు. వాటర్ క్యాన్ దగ్గర స్టీలు గ్లాసులు మూడు ఉండేవి అందరికీ, నా టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ గ్లాసు, దాని మీద మార్కర్‌తో నా పేరు. మందులు సరిగ్గా వాడితే రెండు మూడు వారాల్లోనే మామూలుగా అంటించే దశ దాటిపోతారని డాక్టర్ గారు చెప్పారు, నేను వాడబట్టి అప్పటికే రెండు నెలలు, చేతిలో ఫిట్ అని సర్టిఫికెట్ ఉంది. ఆ గ్లాసులో నేను ఒక్కరోజు కూడా తాగలేదు, ఇంటి నుంచి బాటిల్ తెచ్చుకున్నా. మా సీనియర్ అకౌంటెంట్ అన్న ఒక్కడే మూడో రోజు తన టిఫిన్ బాక్స్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టుకుని నాతో కలిసి తిన్నాడు. ఆయనకి చచ్చేదాకా రుణపడి ఉంటా.

ఏప్రిల్ ఆఖర్లో రెండో విడత క్లెయిమ్ కోసం బ్రాంచ్ ఆఫీసుకి వెళ్తే అక్కడ సార్ కంప్యూటర్ చూసి "ఉద్యోగం మానేశావా అమ్మా?" అన్నారు. లేదు సార్, జాయిన్ అయ్యా అన్నా. ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. ప్రతి నెలా కంపెనీ కాంట్రిబ్యూషన్ వేసేటప్పుడు ఎవరికైనా పని రోజులు సున్నా అయితే దానికి కారణం సెలెక్ట్ చేయాలి, ఆన్ లీవ్ అని ఒకటి ఉంటుంది, లెఫ్ట్ సర్వీస్ అని ఒకటి ఉంటుంది. మార్చి నెలకి నా పేరు ఎదురుగా లెఫ్ట్ సర్వీస్ అని ఉంది. నేను రిజైన్ చెయ్యనన్నా కదా, అయినా వాళ్ల లెక్కలో నేను మానేసినట్టే. పొరపాటున పడిందో కావాలని వేశారో నేను చెప్పలేను, కానీ అడిగితే హెచ్‌ఆర్ మేడమ్ "అదేం కాదులే" అని తేలిగ్గా తీసేశారు. సెలవు రోజుల్లో నేను నిజంగా పని చేయలేదని కంపెనీ నుంచి రాతపూర్వకంగా రావాలి, ఆ కాగితం మీద సంతకానికి వాళ్లు మూడు వారాలు తిప్పారు. నేను పెట్టిన మెయిల్ ప్రింట్ తీసి బ్రాంచ్ ఆఫీసులో ఇచ్చా, అకౌంటెంట్ అన్న దగ్గరుండి రికార్డు సరిచేయించాడు. మిగిలిన 13,500 జూన్‌లో పడింది. ఆ ఆలస్యం ఈఎస్‌ఐ ఖాతాలో వేయకండి.

జూలైలో ఇంక్రిమెంట్లు. అందరికీ వెయ్యి నుంచి రెండు వేల దాకా ఇచ్చారు, నాకు నాలుగు వందలు. కారణం అడిగితే "ఈ ఇయర్ నీ లీవ్స్ ఎక్కువ కదమ్మా" అన్నారు. తెలంగాణలో షాపులు, ఆఫీసుల చట్టం 1988 ప్రకారమే ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సిక్ లీవ్ ఉంటుంది, అదీ నేను వాడుకోలేదు, 60 రోజులకి కంపెనీ జేబులోంచి రూపాయి పోలేదు. డాక్టర్ ఇచ్చిన సెలవుని, పెళ్లిళ్లకి పెట్టిన సెలవుని ఒకే గంపలో వేసి లెక్కపెడితే ఇంక ఆ సెలవు ఇచ్చినట్టెలా అవుతుంది?

అక్కడ ఉండబుద్ధి కాక అక్టోబర్ నుంచి వేరే ఉద్యోగాలు చూశా. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇక్కడే ఉంది, ఎందుకంటే సెలవు పెట్టేటప్పుడు ఇది వెంట వస్తుందని ఎవరూ చెప్పరు. మొదటి కంపెనీలో ఇంటర్వ్యూ బాగా జరిగింది, జీతం కూడా మాట్లాడుకున్నాం, తర్వాత ఒక ఫారం ఇచ్చారు, అందులో ఒక కాలమ్, గత 12 నెలల్లో అనారోగ్యంతో ఎన్ని రోజులు సెలవు పెట్టారు అని. పెన్ను పట్టుకుని అయిదు నిమిషాలు కూర్చున్నా. 4 అని రాసేయొచ్చు. రాయలేదు, 60 అని రాసి పక్కన "ఈఎస్‌ఐ మెడికల్ లీవ్, ఇప్పుడు ఫిట్" అని రాశా. రెండు రోజుల్లో కాల్ వస్తుందన్నారు. రాలేదు. నేను చేస్తే "పొజిషన్ హోల్డ్‌లో ఉంది" అన్నారు. వారం తర్వాత మా అకౌంటెంట్ అన్న చెప్పాడు, వాళ్లు రిఫరెన్స్ కోసం మా ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు "ఆ అమ్మాయికి టీబీ అండీ, అప్పుడప్పుడు రాదు" అన్నారట. సెలవు రోజుల సంఖ్య నేను చెప్పా, అది నా ఇష్టం. రోగం పేరు వాళ్లెందుకు చెప్పాలి? అప్పటికి నా ఆరు నెలల కోర్సు పూర్తయ్యి, కఫం టెస్ట్ నెగెటివ్ వచ్చి, బరువు 53కి చేరి రెండు నెలలు దాటింది.

లండన్ దగ్గర ఒక కేర్ హోమ్‌లో పనిచేసే మా పిన్ని కూతురికి ఈ సంగతి చెప్తే అది ఆశ్చర్యపోయింది. అక్కడ ఉద్యోగం ఖాయం చేయకముందు ఆరోగ్యం గురించి అడగకూడదని 2010 నాటి ఈక్వాలిటీ చట్టంలో 60వ సెక్షన్ ఉందట, పనికి తప్పనిసరిగా కావాల్సిన కొన్ని విషయాలకి మాత్రం మినహాయింపు. ఆఫర్ ఇచ్చాకే ఒక హెల్త్ ఫారం నింపించారట. జబ్బు చేస్తే మొదటి ఏడు రోజులకి మనమే రాసిస్తే చాలు, ఆ తర్వాతే డాక్టర్ నోట్. అక్కడ కూడా ఎక్కువ సెలవులు పెడితే మీటింగ్ పెట్టి అడుగుతారంది, కానీ కనీసం తలుపు దగ్గరే ఆపెయ్యరు. మన దగ్గర హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం ఉంది, ఉద్యోగం ఇవ్వడానికి ఆ టెస్ట్ షరతుగా పెట్టకూడదని స్పష్టంగా రాశారు. మిగతా జబ్బులన్నిటికీ అంత స్పష్టంగా ఒక మాట రాసి ఉంటే నాలాంటివాళ్లం ఆ కాలమ్ ముందు పెన్ను పట్టుకుని కూర్చునేవాళ్లం కాదు.

రెండో కంపెనీ డిసెంబర్‌లో. ఈసారి ఫారంలో సెలవుల కాలమ్ లేదు, నేనూ చెప్పలేదు. ఆఫర్ లెటర్ వచ్చింది, హమ్మయ్య అనుకున్నా. వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ బయటి ఏజెన్సీకి ఇచ్చారు, వాళ్లు పీఎఫ్ పాస్‌బుక్ అడిగారు, ఇచ్చా. నాలుగు రోజుల తర్వాత మెయిల్, 2023 మార్చిలో మీకు పీఎఫ్ పడలేదు, ఫిబ్రవరిలో అయిదు రోజులకే పడింది, ఆ టైమ్‌లో ఎక్కడ పనిచేశారు అని. నాకు చెమటలు పట్టాయి. చూడండి, మనం చెప్పకపోయినా పాస్‌బుక్ చెప్పేస్తుంది, జీతం లేని నెల అందులో ఖాళీగా కనిపిస్తుంది, వాళ్లకేమో ఎక్కడో రెండో ఉద్యోగం చేసిందేమో అని అనుమానం.

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే జవాబు పెట్టా. ఫిబ్రవరి 6 నుంచి ఏప్రిల్ 6 దాకా 60 రోజులు మెడికల్ లీవ్‌లో ఉన్నాను, ఆ రోజులకి ఈఎస్‌ఐ నుంచి సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకున్నాను, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ రెండు ఎంట్రీలు, ఏప్రిల్ 7 నాటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జత చేస్తున్నాను అని. అంతే. రోగం పేరు రాయలేదు, సర్టిఫికెట్ కాపీలో ఆ లైన్ మీద తెల్ల కాగితం పెట్టి జిరాక్స్ తీయించి, రోగం వివరం కప్పానని కూడా మెయిల్‌లో రాశా. ఏజెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేసి "ఏం జబ్బు మేడమ్?" అన్నారు. "నేను పనికి ఫిట్ అని డాక్టర్ ఇచ్చారు సార్, అంతకు మించి కావాలంటే మీ కంపెనీ డాక్టర్‌తో చెక్ చేయించండి, వస్తా" అన్నా. గొంతు వణికింది కానీ అన్నా. రెండు రోజుల తర్వాత ఆ కంపెనీ హెచ్‌ఆర్ సార్ స్వయంగా ఫోన్ చేశారు. "ఖాళీ నెల ఎందుకుందో తెలియాలి కాబట్టి అడిగామమ్మా, తెలిసింది, జనవరి 2 నుంచి రండి" అన్నారు. ఏజెన్సీకి రెండు స్టార్లు ఇస్తా, ఆ సార్‌కి అయిదు.

నా అనుభవం మీద సెలవు పెట్టబోయేవాళ్లకి ఒకటే చెప్తా, సెలవు అడిగిన మెయిల్, ప్రతి సర్టిఫికెట్ కాపీ, ఆఖరి ఫిట్‌నెస్ కాగితం ఇంట్లో ఒక కవర్‌లో పెట్టుకోండి, జాయిన్ అయిన నెలలోనే ఈఎస్‌ఐ లాగిన్‌లో మీ పేరు ఎదురుగా ఏముందో చూసుకోండి. అడిగితే రోజులు దాచకండి, రోగం పేరు మాత్రం అడిగిన ప్రతివాళ్లకీ ఇవ్వకండి.

2024 జనవరిలో చేరా. జీతం 20,500, ఈఎస్‌ఐ నెలకి 154 కట్ అవుతోంది. ఇన్సూరెన్స్ నంబర్ మారలేదు, పాత కంపెనీలో ఇచ్చినదే. జాయినింగ్ రోజు ఆ నంబర్ రాయమంటే చూడకుండా పది అంకెలూ రాసేశా.